హద్దుల్లేని దరువు

1993 ఫిబ్రవరిలో ‘నో లిమిట్’ పాట బ్రిటన్ సింగిల్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరి, ఐదు వారాల పాటు అక్కడి నుంచి కదల్లేదు. ఆ పాటతోనే మొదలయ్యే ‘నో లిమిట్స్!’ ఆల్బమ్ మే నెలలో వచ్చి అదీ అగ్రస్థానానికి ఎక్కింది. టూ అన్‌లిమిటెడ్ బృందానికి ఇది రెండో ఆల్బమ్. బాణీలు కట్టింది బెల్జియం నిర్మాతలు జాన్-పాల్ డి కోస్టర్, ఫిల్ వైల్డ్. వినిపించే గొంతులు డచ్ గాయకులు రే స్లైన్‌గార్డ్, అనితా డోత్‌లవి.

ఒకటే మోత, నాలుగే మాటలు అని అప్పట్లో చాలామంది దీన్ని తీసిపారేశారు. ఆ మోత వెనక ఎంత లెక్క ఉందో చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

‘నో లిమిట్’నే తీసుకోండి. నిమిషానికి దాదాపు 140 దెబ్బల వేగం. ప్రతి దెబ్బకూ బరువైన కిక్ డ్రమ్ పడుతుంది. రెండు కిక్‌లకు సరిగ్గా నడిమధ్యన హై-హ్యాట్ ‘చ్’మంటుంది. కిక్ పాదాన్ని నేలకు దింపితే, హై-హ్యాట్ మళ్లీ పైకి లేపుతుంది. ఈ రెంటి మీదా సింథసైజర్‌తో కట్టిన చిన్న స్వరపు ముక్క తిరుగుతూ ఉంటుంది. ఒక్కసారి వింటే చాలు, ఎవరైనా కూనిరాగం తీయగలిగేంత చిన్నది. యూరోడాన్స్ అనే ఈ సంగీత శైలిలో పాటకు అసలు గుర్తు అదే. ఈ బృందం తొలి పాట ‘గెట్ రెడీ ఫర్ దిస్’ మొదట మాటల్లేని వాద్యసంగీతంగానే పుట్టింది. గొంతులు ఆ తర్వాత చేరాయి.

గొంతుల పంపకంలోనూ పద్ధతి ఉంది. చరణం రేది: రాగం లేకుండా, దరువును అంటిపెట్టుకుని సాగే ర్యాప్. పల్లవి అనితది: రాగంతో బిగ్గరగా పాడేది. కిందిస్థాయిలో సాగిన మాటల తర్వాత వస్తుంది కాబట్టే ఆ పల్లవి ఉన్నదానికంటే ఎత్తుగా వినిపిస్తుంది. బ్రిటన్‌లో విడుదల చేసిన ‘నో లిమిట్’ సింగిల్‌లో ర్యాప్‌ను చాలావరకు కత్తిరించేశారు. పాట అక్కడా గెలిచింది. సింథ్ ముక్కకు ఉన్న బలం అలాంటిది. కానీ రెండు రూపాలనూ పక్కపక్కన వింటే, ర్యాప్ ఉన్నదానిలోనే పల్లవి రాక కోసం ఎదురుచూపు పుడుతుంది.

మధ్యలో డ్రమ్స్ ఒక్కసారిగా ఆగిపోయే చోటు మరో కీలకం. కొన్ని క్షణాలు సింథ్, గొంతు మాత్రమే మిగులుతాయి. కిక్ తిరిగొచ్చేసరికి డాన్స్ ఫ్లోర్ అంతా ఒకేసారి ఎగురుతుంది. క్లబ్బుల కోసం చేసే పొడవాటి మిక్స్‌లు ఎక్కువగా ఉత్త దరువుతోనే మొదలవడానికీ కారణం ఉంది: ముందు పాట దరువుతో దీన్ని కలిపేందుకు డీజేకు వీలు కావాలి.

ఈ ఆల్బమ్ నుంచి ‘ట్రైబల్ డాన్స్’, ‘ఫేసెస్’, ‘మాగ్జిమమ్ ఓవర్‌డ్రైవ్’, ‘లెట్ ద బీట్ కంట్రోల్ యువర్ బాడీ’ కూడా సింగిల్స్‌గా వచ్చాయి. వీటిలో మాటలు తక్కువ కావడం లోపం కాదు. ఐరోపాలో సరిహద్దు దాటిన ప్రతిచోటా భాష మారుతుంది. అలాంటి చోట ఇంగ్లిష్ అంతగా రానివాళ్లు కూడా రెండోసారి వినగానే పల్లవి అందుకుని, పక్కవాళ్లతో గొంతు కలపగలిగారు.