మేడ కట్టిందెవరు, కిరాయికి దిగేదెవరు?

పాన్‌గల్ గుట్టమీది కోట గురించి చరిత్ర బహమనీ సుల్తానుల పేర్లు చెబుతుంది, విజయనగర రాజుల పేర్లు చెబుతుంది. రాళ్లు మోసినోళ్ల పేర్లు చెప్పదు. ఇవాళ లేస్తున్న నాలుగు పోర్షన్ల కిరాయి మేడ కథ కూడా ఇదేనని మేము అంటున్నాం.

'జాగ కొను, లోను తీసుకో, కింద రెండు, పైన రెండు పోర్షన్లు వెయ్యి, కిరాయిలతో బతుకు నిలబడుతది' అని ఉద్యోగం దొరికిన ప్రతి దళితుడికీ సలహా చెబుతారు. ఆ లెక్కలో సిమెంటు, ఇనుము, వడ్డీ అన్నీ ఉన్నాయి. కులం ఒక్కటే లేదు.

మొదలు జాగ దగ్గరే. వాడలో చాలామందికి ఉన్నది సర్కారు ఇచ్చిన పట్టా. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (1977) ప్రకారం అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీయే. పేదల భూమిని పెద్దల చేతుల్లో పడకుండా ఆపటానికి ఆ చట్టం కావాల్సిందే. అయితే తాతల ఆస్తి ఉన్నోడికి జాగ పెట్టుబడి అవుతుంది, మనకు తలదాచుకునే చోటుగానే మిగులుతుంది. ఈ తేడాను సలహాదారులు ఎందుకు చూడరు?

ఇక కట్టేటోళ్లు. పాలమూరు లేబరంటే దేశమంతా తెలుసు. ప్రాజెక్టులు, నగరాలు వాళ్ల చెమటతోనే లేచాయి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పది లక్షలు దాటని సొంతింటి పనిని మినహాయించింది. కిరాయి కోసం కట్టేటోడు కూడా 'ఇది నా సొంతిల్లే' అంటే అడిగే దిక్కేది?

మేడ లేచింది. టూ-లెట్ బోర్డు వేలాడింది. 'మీరు ఏ కులపోళ్లు?' నిజం చెప్తే, 'మా చుట్టాలు దిగుతున్నరు' అంటారు. 1917లో బరోడాలో పెద్ద ఉద్యోగంలో చేరిన అంబేద్కర్‌కే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని మరీ వెళ్లగొట్టారు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కాపురముండకుండా అడ్డుకోవటం నేరం. పన్నెండో సెక్షన్ ప్రకారం బాధితులు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది ఎదుటోడు. ఇంత బలమైన సెక్షన్‌ను కిరాయి ఇంటి గడప దగ్గర మన సంఘాలు ఎన్నిసార్లు వాడాయి? బావి కోసం, గుడి కోసం కొట్లాడినంతగా పోర్షన్ కోసం ఎందుకు కొట్లాడలేదు? ఈ విమర్శ ముందు మాకే వర్తిస్తుంది.

ఇంకో మాట. రేపు మనోడు కూడా మేడ కడతాడు, కట్టాలి. అప్పుడు ఆ గేటు ముందు డక్కలి కుటుంబమో, ముస్లిం కుటుంబమో నిలబడితే మనం ఏమడుగుతాం? 'ఎంతమంది ఉంటరు, కిరాయి ఎప్పుడిస్తరు' అని మాత్రమే అడిగిన నాడే అది మన మేడ. లేకుంటే పాత ఊరే, నాలుగు అంతస్తులెక్కిందంతే.