రాబోయే విమానం ఏది?

ఏటా జనవరిలో బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఆ సంవత్సరం తేబోయే ప్లాస్టిక్ విమానాల జాబితా ప్రకటిస్తుంది. దాని మీద జోస్యాలు డిసెంబరులోనే మొదలవుతాయి. ఈసారైనా ఫలానా బాంబర్ వస్తుందా, మళ్లీ ఇంకో స్పిట్‌ఫైర్‌తో సరిపెడతారా అని స్కేల్ మోడళ్లు కట్టేవాళ్లు తెగ వాదించుకుంటారు. జనవరి ఆఖర్లో జర్మనీలో నూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శన, మే నెలలో జపాన్‌లో షిజువోకా హాబీ షో, నవంబరులో ఇంగ్లండ్‌లో టెల్ఫోర్డ్ ప్రదర్శన వస్తాయి. ప్రతిచోటా ఇదే ఎదురుచూపు. బయటివాళ్లకు ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది. కానీ ఈ జోస్యం బాగా చెప్పేవాడికి విమానాల చరిత్ర, అచ్చుల పనితనం, బజారు లెక్కలు మూడూ తెలిసి ఉండాలి.

ఈ అలవాటుకు తొంభై ఏళ్ల వయసుంది. 1936లో బ్రిటన్‌లోని ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ పేరుతో 1/72 స్కేలులో ప్లాస్టిక్ విమానాలను అమ్మకానికి పెట్టింది. అసలు విమానంలో ఆరడుగులు బొమ్మలో ఒక అంగుళం అవుతుంది కనుక ఆ స్కేలు అడుగులు, అంగుళాల వాళ్లకు సుళువుగా పట్టుబడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఆకాశంలో వస్తున్నది మనదా, శత్రువుదా అని నీడ చూసి పోల్చుకోవడం నేర్పడానికి ఇవే బొమ్మలు పనికొచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల మోడళ్లు చెక్కి ఇమ్మని బడిపిల్లలనే అడిగింది. యుద్ధం ముగిశాక 1953లో ఎయిర్‌ఫిక్స్ తన మొదటి స్పిట్‌ఫైర్‌ను వుల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మింది. ఇప్పటి కళ్లతో చూస్తే అది స్పిట్‌ఫైర్‌కు దూరపు చుట్టం. అయినా ఒక తరం బ్రిటిష్ మగపిల్లల వేళ్లకు జిగురు అంటించిన ఘనత ఆ కిట్‌దే.

కొత్త కిట్ మీద ఆశలైనా అంచనాలైనా చివరికి ఉక్కు అచ్చు దగ్గరికే వస్తాయి. రెండు భారీ ఉక్కు దిమ్మెల్లో విమానం భాగాలను లోతుగా చెక్కి, వాటిని బిగించి, కరిగిన పాలిస్టైరీన్‌ను ఒత్తిడితో లోపలికి పంపిస్తారు. చల్లారాక దిమ్మెలు విడిపోతే భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి వేలాడుతూ బయటికి వస్తాయి. ఆ చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగం అచ్చు నుంచి ఊడిరావాలంటే దాని పక్కలు కాస్త ఏటవాలుగా ఉండాలి. ఇడ్లీ గుంట అంచు వాలుగా ఉండబట్టే కదా ఇడ్లీ విరగకుండా వస్తుంది. అందుకే విమానం పక్కభాగం మీద పదునుగా కనిపించే గీత పొట్ట దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. ఇప్పటి మంచి కంపెనీలు పక్కనుంచి జారే అచ్చుముక్కలు పెట్టి ఈ లోపాన్ని దాటుతున్నాయి. తుపాకీ గొట్టానికి రంధ్రం ముందే వస్తోంది, జెట్ గాలిద్వారం అతుకు లేకుండా వస్తోంది. జారే ముక్క పెరిగినకొద్దీ అచ్చు ఖరీదు పెరుగుతుంది. ఆ ఖరీదు రాబట్టుకోవడానికి ఒకే అచ్చును ఏళ్ల తరబడి రకరకాల పెట్టెల్లో అమ్మాలి. ఎయిర్‌ఫిక్స్ 1983లో తెచ్చిన 1/72 వల్కన్ బాంబర్‌కు కొత్త అచ్చు 2021లో గాని రాలేదు.

జోస్యం చెప్పేవాళ్ల మొదటి కిటుకు ఇక్కడే ఉంది. పెట్టె విప్పి, ఈ కిట్‌లో వాడని భాగాలేమున్నాయో చూస్తారు. కూర్పు కాగితం మీద కొన్ని భాగాలకు బూడిదరంగు వేసి, వాడవద్దని రాసి ఉంటుంది. అదనపు ప్రొపెల్లరో, వేరే రకం చక్రమో, ఇంకో ముక్కుభాగమో అక్కడ కనబడిందంటే తర్వాతి పెట్టె ఏమిటో కంపెనీ తనకు తెలియకుండానే చెప్పేసినట్టు. విమానం ముక్కును గాని రెక్క చివరను గాని అకారణంగా విడి భాగంగా ఇచ్చినా అంతే. జపాన్ కంపెనీ టామియా 2016లో 1/48 స్కేలులో ఎఫ్-14ఎ టామ్‌క్యాట్ తెచ్చినప్పుడు దాన్ని విప్పి చూసినవాళ్లకు ఎఫ్-14డి రావడం ఆశ్చర్యం కలిగించలేదు. 2018లో అదీ వచ్చింది. మిగతా గుర్తులు ఇంత సరదాగా ఉండవు: సినిమా విడుదల, యుద్ధాల వార్షికోత్సవం, ప్రత్యర్థి కంపెనీ పాత కిట్ ముసలిదైపోవడం.

రెండో కిటుకు మ్యూజియంలు. కొలవగలిగిన విమానానికే మంచి కిట్ వస్తుంది. టామియాను దశాబ్దాలపాటు నడిపిన షున్‌సాకు టామియా ఒక పోర్షె 911 కారు కొని, దాన్ని ఊడదీసి, ప్రతి భాగాన్నీ చూసుకుని 1976 నాటి పోర్షె 934 బొమ్మ తయారు చేయించాడు. విమానాన్ని అలా ఊడదీయలేరు కాబట్టి ఇప్పుడు లేజర్ స్కానర్లు పెట్టి మ్యూజియంలోని విమానం ఒంటి మీది వంపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటారు. ఎక్కడో హ్యాంగర్‌లో దుమ్ము పట్టి నిలబడ్డ విమానం చుట్టూ స్కానర్‌తో మనుషులు తిరిగారని తెలిస్తే రెండేళ్లలో దాని కిట్ వస్తుందని పందెం కాయవచ్చు. ఆ రకం విమానం ఒక్కటీ మిగలకపోతే పాత నక్షాలు, ఫోటోలే దిక్కు. ఆ నక్షాల్లో తప్పుంటే కిట్‌లోనూ అదే తప్పు.

ఇక మూడోది, నా లెక్కలో అన్నిటికంటే బలమైనది: ఎవరి జ్ఞాపకానికి కొనే శక్తి ఉందో వాళ్ల విమానమే ముందు వస్తుంది. ఇందుకు నాట్ విమానాన్ని మించిన సాక్ష్యం లేదు. ఫాలండ్ నాట్ పుట్టింది బ్రిటన్‌లో. అక్కడి వైమానికదళం దాన్ని రెండు సీట్ల శిక్షణ విమానంగానే వాడింది. విన్యాసాలు చేసే రెడ్ యారోస్ జట్టు 1965 నుంచి 1979 వరకు ఎర్రరంగు నాట్‌లనే ఎగరేసింది. ఒంటి సీటు నాట్‌ను యుద్ధంలో నెగ్గించింది మనవాళ్లు. 1965లో, 1971లో అది పాకిస్థాన్ సేబర్ జెట్లను కూల్చి సేబర్ స్లేయర్ అనిపించుకుంది. భారత వైమానికదళానికి దక్కిన ఒకే ఒక్క పరమవీరచక్ర, 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద పోరాడి నేలకొరిగిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్‌ది. ఆయన నడిపింది నాట్‌నే. మరి ఎయిర్‌ఫిక్స్ ఏ నాట్ చేసింది? 1960ల్లో చేసినా, 2012లో కొత్త అచ్చు పోసినా రెండు సీట్ల శిక్షణ విమానమే. బ్రిటిష్ పిల్లవాడు ఎయిర్‌షోలో చూసింది అదే మరి. యుద్ధం చేసిన నాట్‌ను, దాని నుంచి బెంగళూరులో పుట్టిన అజీత్‌ను 1/72లో అందించే పని చెక్ దేశపు చిన్న కంపెనీ స్పెషల్ హాబీకి మిగిలింది. ఇందులో కుట్రేమీ లేదు, బజారు ఉంది.

మారుత్ కథ ఇంకా విడ్డూరం. జర్మనీలో ఫాకె-వుల్ఫ్ 190 రూపొందించిన కుర్ట్ టాంక్ యుద్ధం తర్వాత బెంగళూరు వచ్చి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కోసం హెచ్‌ఎఫ్-24 మారుత్ గీశాడు. 1961 జూన్ 17న అది తొలిసారి ఎగిరింది. మొత్తం 147 తయారయ్యాయి. ఫాకె-వుల్ఫ్ 190 చేయని పేరున్న కిట్ కంపెనీ అంటూ దాదాపు లేదు. అదే ఇంజనీరు చేతి గీత అయిన మారుత్ జోలికి టామియా గాని, హసెగావా గాని, ఎయిర్‌ఫిక్స్ గాని రాలేదు. పోనీ అందం లేదా అంటే, పొడుగాటి ముక్కు, సన్నటి నడుము ఉన్న ఈ జెట్ అల్మరాలో పెట్టుకుంటే కళ్లు తిప్పుకోలేం.

కిట్ వచ్చాక కట్టేవాడి పని మొదలవుతుంది. 1/72లో స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు పదిహేనున్నర సెంటీమీటర్లు, ఒంటి సీటు నాట్‌దైతే తొమ్మిదిన్నర లోపే. ఈ కొలతలో 0.2 మిల్లీమీటర్ల గాడి అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల సందు అవుతుంది. అంత సందుతో ఏ విమానమూ ఎగరదు. కాబట్టి కిట్ మీద చెక్కిన గీతలన్నీ అబద్ధమే, కంటికి నచ్చే అబద్ధం. ఒకప్పుడు ఈ గీతలు ఉబ్బెత్తుగా ఉండేవి; అతుకు మీద ఉప్పుకాగితం రుద్దితే అతుకుతోపాటు అవీ పోయేవి. ఇప్పుడు గాడిగా చెక్కుతున్నారు. రెక్క ఒంటికి కలిసేచోట సందు మిగలకుండా కూర్చోవడమే మంచి కిట్‌కు అసలు పరీక్ష. జిగురు పెట్టకముందు భాగాలను ఒకసారి ఊరికే అమర్చి చూడాలి. పలచటి జిగురును కుంచెతో అతుకు దగ్గర తాకిస్తే అదే సందులోకి పాకి ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. అంటించడం కంటే వెల్డింగ్ అనడం సబబు.

రంగులో మన వాతావరణం పరీక్ష పెడుతుంది. సముద్రం ఒడ్డున వానాకాలంలో లాకర్ రంగును ఎయిర్‌బ్రష్‌తో చల్లితే నున్నగా రావలసిన నలుపు తెల్లబారి పాలిపోతుంది. థిన్నర్ గబగబా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద వాలుతుంది, అంతే. కంప్రెసర్ గొట్టానికి నీరు పట్టే ట్రాప్ పెట్టినా గదిలోని తేమకు మందు లేదు. పొడి రోజు కోసం ఆగాలి, లేదా నెమ్మదిగా ఆరే థిన్నర్ కలపాలి. అసలు రంగులు దొరకడమే కష్టం. మండే సరుకని విమానంలో పంపరు కనుక విదేశాల నుంచి తెప్పించుకోవడం గగనం. కార్లకు రంగు వేసే షాపు నుంచి ఎన్‌సీ పుట్టీ, ఎన్‌సీ థిన్నర్ తెచ్చుకుని నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ థిన్నర్ కాస్త ఎక్కువైతే రెక్కే కరుగుతుంది.

ఆఖర్న డెకాల్‌లు, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు. మూడు రంగుల గుండ్రం, తోకమీది జెండా, సీరియల్ నంబరు అన్నీ అవే. మ్యాట్ రంగు మీద నేరుగా అంటిస్తే గరుకు గుంటల్లో గాలి చిక్కి, గుర్తు చుట్టూ పారదర్శకంగా ఉండాల్సిన పొర వెండిలా మెరుస్తుంది. అందుకని ముందు నిగనిగలాడే వార్నిష్ పూత వేసి, దాని మీద గుర్తు జార్చి, మెత్తబరిచే ద్రావణం రాయాలి. పొర ముడుచుకుని, చూస్తుండగానే పాడైపోయినట్టు కనబడుతుంది. ఆ క్షణంలో వేలు పెట్టకపోవడమే నేర్పు. కాసేపటికి అది సర్దుకుని గాడుల్లోకి దిగుతుంది. ఆరాక మ్యాట్ వార్నిష్.

ఇంత తతంగం ఉన్నది కాబట్టే కొత్త కిట్ల పోకడ మీద నాకో ఫిర్యాదు. ప్రతి రివెట్టునూ చూపాలన్న పంతంతో కొన్ని కంపెనీలు రెక్కంతా చుక్కలు పొడుస్తున్నాయి. కట్టాక ఎవరికీ కనబడని ఇంజను లోపలికి డజన్ల కొద్దీ భాగాలు కూరుస్తున్నాయి. గొప్ప పనితనమే, కాదనను. న్యూజిలాండ్‌లో సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ పెట్టిన వింగ్‌నట్ వింగ్స్ 1/32లో మొదటి ప్రపంచయుద్ధపు విమానాలను అచ్చెరువొందేలా చేసింది. 2020లో అదీ మూతపడింది. అందుబాటు ధరలో, సాయంత్రం సాయంత్రం కూర్చుంటే వారంలో అయ్యే 1/72 కిట్లు ఇంకా రావాలి. పదేళ్ల పిల్ల చేతికి ఇవ్వగలిగిన కిట్ లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఈ కొనుగోలుదారులు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ కిట్ల రంగాన్ని ఇక మార్చబోయేది త్రీడీ ముద్రణ. ఇప్పటికే సీటు బెల్టులు, డయల్ ప్యానెళ్లు త్రీడీ ప్రింట్‌లో రంగులతో సహా వస్తున్నాయి. ఉక్కు అచ్చు ఖర్చు లేనందువల్ల కొద్దిమందే కోరే విమానాలు ముందుగా ముద్రణలోనే వస్తాయని నా అంచనా. స్పిట్‌ఫైర్, మెసెర్‌ష్మిట్, మస్టాంగ్ మాత్రం ఉక్కులోనే, ఏటా ఏదో ఒక కొత్త పేరుతో.

మన సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్-21కు భారత గుర్తులతో పెట్టెలు వస్తాయి. చెక్ కంపెనీ ఎడువార్డ్‌కు మంచి మిగ్-21 అచ్చు 1/48లో 2011 నుంచే ఉంది. డెకాల్ మారిస్తే చాలు, డబ్బు. తేజస్ కూడా 1/48లో పెద్ద కంపెనీ నుంచి వస్తుంది, చైనా నుంచి కాదేమో. మారుత్ రావచ్చు గాని చిన్న కంపెనీ నుంచే. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామికి ఎదురుగా మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానం మీద మాత్రం ఆశ ఎక్కువ, నమ్మకం తక్కువ. చైనా కంపెనీ ట్రంపీటర్ 1/72లో చేసినది జలాంతర్గాములకు రేడియో సందేశాలు పంపే రష్యన్ రకం. మనది జలాంతర్గాములను వేటాడినది. తేడాలు పొట్టలో, తోకలో, ముక్కు కింద ఉన్నాయి. మ్యూజియం టిక్కెట్టు కొన్నవాడెవడైనా చక్రాల గదుల్ని, పొట్ట కిందిభాగాన్ని కొలబద్ద పట్టుకుని ఫోటోలు తీస్తే ఆ కిట్ చేసేవాడి పని సగమవుతుంది. వచ్చిందే అనుకోండి, నాలుగు ఇంజన్లకు జంట ప్రొపెల్లర్లు, వెరసి 32 రెక్కల అంచులు ఒక్కొక్కటీ ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆపైన 74 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దాన్ని ఏ అల్మరా మీద పెడతారో ఇంట్లోవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.