వెలుగు బలం, అణువు గుట్టు

అణువుల లోపలి కదలికలను వెలుగు సాయంతో చదివే విద్య తెలుగు నేలకు కొత్తది కాదు. 1928లో కలకత్తాలో, అణువులను తాకి చెదిరే వెలుగులో కొంత రంగు మారుతుందని చెప్పే రామన్ ఫలితం వెలుగు చూసిన కాలంలోనే రామన్ బృందంలో చేరిన సూరి భగవంతం, 1932 నుంచి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ పనిని కొనసాగించి, టి. వెంకటరాయుడుతో కలిసి 1948లో వెలువరించిన గ్రంథంలో, అణువు ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి దాని కంపనాల్లో ఏవి వెలుగుకు స్పందిస్తాయో గణితంతో ముందే తేల్చే పద్ధతిని వివరించారు. ఆనాటి పాదరస దీపాల వెలుగు అణువును తాకి చెదిరేదే తప్ప దాని స్థితిని పెద్దగా మార్చేది కాదు. చెదిరిన ఆ కాస్త వెలుగును ఫొటో పలక మీద పట్టడానికి గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చేది.

లేజర్ వచ్చాక ఒక ఆశ పుట్టింది: ఒక బంధం కంపించే పౌనఃపున్యానికి సరిపడే వెలుగును పంపితే ఆ బంధమొక్కటే తెగుతుందని. మార్కాపురంలో పలకరాయిని చీల్చే పనివాడికి పొర జాడ తెలిస్తే చాలు, ఉలి దెబ్బ ఆ పొర వెంటే పోతుంది. అణువులో మాత్రం ఒకచోట చేరిన శక్తి సాధారణంగా సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలోనే మిగతా బంధాలకూ పాకిపోతుంది కనుక ఆ ఆశ చాలావరకు నెరవేరలేదు. శక్తి పాకేలోగా పని ముగించాలంటే ఫెమ్టోసెకన్లలో, అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతుల్లో కొలిచే మెరుపు కావాలి. హైడ్రోజన్ అణువు ఒకసారి కంపించడానికే దాదాపు 8 ఫెమ్టోసెకన్లు పడుతుంది.

అంత పొట్టి మెరుపును నేరుగా బలపరిస్తే ఆ తీవ్రతకు పరికరమే దెబ్బతింటుంది. డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మురూ 1985లో చూపిన ఉపాయం ప్రకారం మెరుపును ముందు కాలంలో సాగదీసి, పలచబడ్డాక బలపరిచి, చివర మళ్లీ కుదిస్తారు. చదరపు సెంటీమీటరుకు కోటి కోట్ల వాట్ల తీవ్రత దగ్గర వెలుగులోని విద్యుత్ క్షేత్రం, ఎలక్ట్రాన్‌ను కేంద్రకాలకు కట్టి ఉంచే అవరోధాన్ని వంచేస్తుంది. సంప్రదాయ యాంత్రిక శాస్త్రం ఒప్పుకోకపోయినా ఎలక్ట్రాన్ ఆ అవరోధం గుండా బయటపడుతుంది. దీన్నే క్వాంటం సొరంగ గమనం అంటారు. క్షేత్రం దిశ మారగానే కొన్ని ఎలక్ట్రాన్లు వెనుదిరిగి పుట్టిన అణువునే ఢీకొంటాయని, అప్పుడు వెలువడే అతి పొట్టి తరంగాల వెలుగులో ఆ అణువు ఆనవాళ్లు ఉంటాయని 1990లలో రూపొందిన సిద్ధాంతం చెప్పింది. ఆ వెలుగు నుంచే, ఫెమ్టోసెకనులో వెయ్యో వంతైన ఆటోసెకన్ల కొలమానానికి దిగిన మెరుపులు పుట్టాయి. అందుకు 2023లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇంకొక పద్ధతి మొరటుగా కనిపించినా ఎంతో సమాచారం ఇస్తుంది: ఒక్కసారిగా అనేక ఎలక్ట్రాన్లను ఊడగొడితే ధనావేశం మిగిలిన ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుని ఎగిరిపోతాయి, వాటి వేగాన్నీ దిశనూ కొలిచి, పేలుడుకు ముందు అణువు ఏ ఆకారంలో ఉందో లెక్కగడతారు.

హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఆవరణలోనూ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఫెమ్టోసెకను లేజర్ల ప్రయోగాలు సాగుతున్నాయి. రెండో చోట పేలుడు పదార్థాల అణువులను గుర్తించడానికీ వీటిని వాడారు. అయితే కొలిచే వెలుగే అణువు సౌష్ఠవాన్ని చెరుపుతున్నప్పుడు, ఒంటరి అణువుకు వర్తించే వాల్తేరు నాటి నియమాలను ఉన్నవి ఉన్నట్టుగా వాడుకోలేరు. వెలుగునూ అణువులో భాగంగానే లెక్కలోకి తీసుకోవాలి. రెండే ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్‌కే ఆ గణన భారమైనది. బెంజీన్ వంటి వాటికి ఉజ్జాయింపులే దిక్కు.