రెండు చందమామలు

మా ఇంట్లో పిల్లల పుస్తకాల అరలో చందమామలు రెండున్నాయి. ఒకటి మనందరి 'చందమామ', పాత సంచికలు కలిపి కుట్టించిన బైండు. రెండోది మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన 'గుడ్‌నైట్ మూన్'. రెండూ 1947లో పుట్టినవే. మూడేళ్ళ మా అమ్మాయి నిద్రకి ముందు లాక్కొచ్చేది మాత్రం రెండోదాన్నే.

అందులో కథంటూ ఏముందండీ? మంచం మీదున్న కుందేలు పిల్ల గదిలో ఉన్న వస్తువులన్నిటికీ వీడ్కోలు చెప్పడం. అంతే. కానీ క్లెమెంట్ హర్డ్ వేసిన రంగుల బొమ్మల్లో ఒక చిట్టెలుక పేజీ పేజీకీ చోటు మారుస్తుంది. గడియారం ఏడు నుంచి ఎనిమిదీ పది దాకా నడుస్తుంది, గది మెల్లగా చీకటవుతుంది. వీటి గురించి రచయిత్రి పెదవి విప్పదు. వెతుక్కునే పని పిల్లలకే వదిలేసింది.

మన చందమామకీ ఆ గుణం ఉంది, బేతాళ కథల్లో. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ ఆ చట్రం మాత్రం తీసుకుని ఏళ్ళ తరబడి కొత్తవి అల్లించింది. కథయ్యాక బేతాళుడు చిక్కుప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పేలోగా ఉన్న ఆ కాస్త వ్యవధీ వినేవాళ్ళది. మనమేమో అక్కడ ఆగం. గబగబా జవాబు చదివేసి, "చూశావా, అందుకే పెద్దల మాట వినాలి" అని లేని నీతి ఒకటి అంటిస్తాం. ఇండియా నుంచి సూట్‌కేసుల్లో మోసుకొచ్చే నీతికథల పుస్తకాలదీ ఇదే జబ్బు.

మూడేళ్ళ పిల్లకి బేతాళుడు అందడు, నిజమే. తూలిక, ప్రథమ్ బుక్స్ వాళ్ళ తెలుగు బొమ్మల పుస్తకాలున్నాయి. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి గానీ చాలావరకు అనువాదాలు, పైకి చదువుతుంటే అక్కడక్కడా నాలుక తట్టుకుంటుంది. కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకులుగా ఉన్నప్పటి చందమామ వచనంలో ఆ ఇబ్బంది లేదు. చిన్న వాక్యాలు, చెబుతున్నట్టే ఉంటాయి.

ఎనిమిదేళ్ళ మావాడికి ప్రశ్న దగ్గర పుస్తకం మూసేస్తాను. మొన్న రాజుగారి జవాబు విని, "నో, హీ ఈజ్ రాంగ్ నాన్నా! దొంగది తప్పెలా అవుతుంది?" అని లేచి కూర్చున్నాడు. వాడి వాదం సగం ఇంగ్లీషు, సగం తెలుగు. నేను దిద్దలేదు. పక్క మంచం మీంచి చెల్లెలు కూడా దొంగ పక్షమే చేరింది, కథ ఏమాత్రం అర్థం కాకపోయినా.