ఫిజిక్స్ శాఖలో కంగారూ తోక

ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌కి కొత్తగా బయోఫిజిక్స్ ప్రొఫెసర్ వస్తున్నారంటే స్టాఫ్ రూమ్‌లో ముందుగా లేచే మాట, 'జువాలజీ వాళ్లు తీసుకోవాల్సిన మనిషికి మన పోస్టెందుకు?' అని. పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా నాకు 1952 నాటి మద్రాసు గుర్తొస్తుంది.

ఆ ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం ఫిజిక్స్ శాఖకు అధిపతిగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్‌కి ముప్పై ఏళ్లు. సి.వి. రామన్ దగ్గర పని నేర్చుకున్నారు, స్ఫటికాల మీద ఎక్స్-రే పనిలో చెయ్యి తిరిగినవారు. అక్కడికి వచ్చిన స్ఫటిక శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్, కొలాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని ఆయనతో అన్నారు. చర్మానికీ ఎముకకీ బలమిచ్చే ప్రొటీన్ అది. ఊళ్లోనే ఉన్న సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కంగారూ తోక స్నాయువు తెప్పించి, గోపీనాథ్ కర్తాతో కలిసి ఎక్స్-రే చిత్రాలు తీశారు. 1954లో 'నేచర్'లో అచ్చయిన జవాబు: మూడు గొలుసులు కలిసిన ముప్పేట తాడు. ప్రతి మూడో చోటా గ్లైసీన్ అనే అమైనో ఆమ్లమే ఎందుకుంటుందో కూడా దాంతో తేలింది. తాడు లోపల అంతకంటే పెద్దది పట్టదు.

ఏడాదికే ఆ నమూనాను సవరించారు. దాంట్లో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని, అదే ప్రొటీన్ మీద పనిచేస్తున్న రిచ్, క్రిక్ అభ్యంతరం చెప్పారు. ఇక్కడే నాకు రామచంద్రన్ మీద గౌరవం రెట్టింపవుతుంది. అసలు ఏ పరమాణువు దేనికి ఎంత చేరువ కాగలదని, అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలను గాలించి దూరాలు పోగుచేశారు. ప్రొటీన్ గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర ముఖ్యంగా తిరిగేవి రెండు కోణాలు, ఫై, సై. రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఆ రెండింటినీ మార్చి మార్చి లెక్కలు కట్టారు. ఆ కోణాలతో గీసిన పటంలో చాలా భాగం నిషిద్ధమని తేలింది. అక్కడ పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ప్రొటీన్లకు మిగిలేది కొద్దిపాటి చోటే. 1963 నాటి ఆ రామచంద్రన్ ప్లాట్‌తోనే కొత్త ప్రొటీన్ నిర్మాణాలను నేటికీ సరిచూస్తున్నారు.

దూరాలు, కోణాలు, ఎక్స్-కిరణాలు. ఇందులో ఫిజిక్స్ కానిదేముంది?

అందుకే శాఖాధిపతులకు నా విన్నపం. వచ్చే ప్రొఫెసర్‌కి నీటి వసతి ఉన్న ల్యాబ్ ఇవ్వండి, బయోకెమిస్ట్రీ వాళ్లతో కలిసి పనిచేసే వీలు కల్పించండి, ఎం.ఎస్సీ. విద్యార్థులను ఆయన దగ్గర ప్రాజెక్టుకు పంపండి.