పాఠ్యప్రణాళికపై కేంద్రాధికారం: చట్టపరమైన హద్దులు, స్థానికత

వ్యాససంగ్రహం:
పాఠశాల పాఠ్యప్రణాళికపై కేంద్రప్రభుత్వ అధికారానికి చట్టం విధించిన హద్దులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ హద్దులు రాష్ట్రానికి రక్షణ కల్పించినా, గ్రామస్థాయి స్థానికతకు హక్కును ఇవ్వలేదని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: పాఠ్యప్రణాళిక, విద్యాహక్కు చట్టం, మాతృభాష, స్థానికత, ఉమ్మడి జాబితా.

1. ఉపోద్ఘాతం:
జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపం, అక్కడి ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు పూర్వపు ఉమ్మడి కృష్ణాజిల్లా మెట్టప్రాంత చరిత్రకు ముఖ్య ఆధారాలు. అదే మెట్టప్రాంతంలోని రెడ్డిగూడెం బడిలో వాటిని పాఠంగా చెప్పాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయమన్న ప్రశ్న సాహిత్య, చారిత్రక అధ్యయనాలకే పరిమితం కాదు. అది చట్టానికి సంబంధించిన ప్రశ్న కూడా.

2. కేంద్రాధికారం - హద్దులు:
42వ రాజ్యాంగసవరణ (1976) విద్యను రాష్ట్రజాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. కనుక పార్లమెంటు చట్టం చేస్తే, 254వ అధికరణం ప్రకారం సాధారణంగా అదే చెల్లుతుంది. అయితే ఆ పార్లమెంటే 2009 విద్యాహక్కు చట్టంలో తన ప్రభుత్వానికి హద్దు గీసింది. సెక్షన్ 7(6) జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం రూపకల్పనను కేంద్రానికి అప్పగించింది. సెక్షన్ 29(1) మాత్రం ప్రాథమికవిద్యలో పాఠ్యప్రణాళికను, మూల్యాంకనాన్ని నిర్ణయించే అధికారసంస్థను ప్రకటించే బాధ్యతను సంబంధిత ప్రభుత్వానికి ఇచ్చింది. రాష్ట్ర పాఠశాలల విషయంలో ఆ ప్రభుత్వం రాష్ట్రమే.

జాతీయ విద్యావిధానం-2020 చట్టం కాదు, విధానం మాత్రమే. దానిని అమలుచేయాలని రాష్ట్రాలను నేరుగా నిర్బంధించలేమని సుప్రీంకోర్టు 2025 మే 9న స్పష్టం చేసింది. కాని ఆజ్ఞతో సాధించలేనిదాన్ని నిధులతో సాధించే మార్గం మిగిలే ఉంది. సమగ్రశిక్ష నిధుల విషయమై తమిళనాడు ప్రభుత్వం అదే నెలలో సుప్రీంకోర్టును ఆశ్రయించడం ఇందుకు నిదర్శనం.

3. రాష్ట్రాధికారం - మాతృభాష:
కేంద్రాన్ని నిలువరించినంత మాత్రాన స్థానికత భద్రమైనట్లు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో 81, 85 సంఖ్యల ఉత్తర్వులతో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేయబూనగా, రాష్ట్ర హైకోర్టు 2020 ఏప్రిల్ 15న వాటిని కొట్టివేసింది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలన్న విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2)(ఎఫ్) ఆ వివాదంలో కీలకమైంది. అంటే రాష్ట్ర నిర్ణయాన్ని ప్రశ్నించడానికి అక్కరకు వచ్చింది కేంద్రచట్టమే. అయితే 'సాధ్యమైనంతవరకు' అన్న మాట ఆ రక్షణకు బలహీనత కూడా. సాధ్యాసాధ్యాలను తేల్చే కొలమానాన్ని చట్టం చెప్పలేదు.

4. గ్రామం - చట్టమౌనం:
సెక్షన్ 21 ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. బడి పనితీరును, నిధుల వినియోగాన్ని పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళికను సిద్ధంచేయడం వారి విధులు. ఆ విధులలో పాఠ్యప్రణాళిక ప్రస్తావన లేదు. పాఠ్యపుస్తకాలలో స్థానికాంశాలకు చోటుండాలని జాతీయ విద్యావిధానం చెబుతున్నది. కాని ఆ విధానం రాష్ట్రాలను నిర్బంధించలేదన్న సూత్రమే ఈ వాగ్దానాన్నీ నిర్బంధరహితం చేస్తున్నది. రాష్ట్రానికి కవచమైన సూత్రం గ్రామానికి అడ్డుగోడగా మారుతున్నది.

5. ముగింపు:
ప్రస్తుత చట్టాలు కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య అధికారాన్ని పంచాయే తప్ప గ్రామానికి వాటా ఇవ్వలేదు. 'స్థానికం' అన్న మాటను 'రాష్ట్రీయం' అన్న మాటకు పర్యాయంగా వాడే విమర్శ ఈ లోపాన్ని కప్పివేస్తుంది. రాష్ట్రసంస్థ రూపొందించే పాఠాలలో కొంతభాగాన్ని ప్రాంతీయ ఉపాధ్యాయులు, పాఠశాల కమిటీలు నిర్ణయించే వీలును నిబంధనలలోనే చేర్చాలి. అప్పుడే జగ్గయ్యపేట స్తూపం రెడ్డిగూడెం బడిలోకి ఎవరి దయవల్లనో కాక హక్కుగా ప్రవేశిస్తుంది.