బోనులో ఎవరు?

"పెళ్లికి ముందు నీకు ఎవరితోనైనా పరిచయం ఉండేదా?"

భర్త కొట్టాడని కేసు పెట్టిన స్త్రీని భర్త తరఫు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే ప్రశ్న ఇది. చెయ్యి విరిగింది నిరుడు. పరిచయం పదేళ్ల కిందటిది. ఈ రెంటికీ పొత్తేమిటో నాకు చాలాకాలం బోధపడలేదు. చివరకు జవాబు విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’ (1967)లో దొరికింది. మహారాష్ట్రలోని మనవాళ్లు కొందరు దాన్ని మరాఠీలోనే చదివి ఉంటారు.

ఈ నాటకంలో భర్త లేడు, దెబ్బలూ లేవు. బొంబాయి నుంచి ఒక పల్లెకు వచ్చిన ఔత్సాహిక నటులు, కోర్టంటే ఎలా ఉంటుందో సామంత్ అనే ఊరివాడికి చూపించడానికి ఉత్తుత్తి విచారణ మొదలుపెడతారు. ముద్దాయి లీలా బేణారే, పెళ్లికాని ఉపాధ్యాయిని. మోపిన నేరం శిశుహత్య. ఆటగా మొదలైన విచారణ కాసేపటికే ఆమె నిజజీవితం మీదికి మళ్లుతుంది. సామంత్ తన చేతిలోని చవక నవల చూసి సాక్ష్యం అల్లుతాడు, అదీ చెల్లుతుంది. జడ్జి కాశీకర్ పీఠం దిగి తానే సాక్షి అవుతాడు. ఆమె గర్భానికి కారకుడైన ప్రొఫెసర్ దామ్లే మాత్రం ఒక్కసారి కూడా రంగం మీదికి రాడు.

ఇంకో విశేషం ఉంది. ఈ కోర్టులో ప్రాసిక్యూషన్, డిఫెన్సు రెండు వకీళ్లూ సుఖాత్మేనే. మొదటిసారి చదివినప్పుడు దీన్ని హాస్యమనుకున్నాను. ఇప్పుడు నాటకానికి తాళంచెవి ఇదే అనిపిస్తుంది. ఫిర్యాది గతాన్ని తవ్వడం మొదలుపెట్టగానే ముద్దాయి వకీలు ప్రాసిక్యూటరైపోతాడు. ఫిర్యాది ముద్దాయి అవుతుంది. దెబ్బ కొట్టినవాడు దామ్లేలాగా కథలోంచి తప్పుకుంటాడు.

వకీలుకు తన కారణాలు ఉంటాయి. ఇలాంటి మనిషి మాట నమ్మదగినదా అన్న అనుమానం నాటాలి. ఇంకొకరి కోసమే ఈ కేసు పెట్టిందని చూపాలి. వ్యభిచార జీవితం గడుపుతున్న భార్యకు భరణం లేదన్న నిబంధన ఉంది గనుక భరణం ఎగ్గొట్టాలి. పెళ్లికి ముందటి స్నేహం ఆ నిబంధన కిందికి రాదు, అయినా అడుగుతారు. ఇవేవీ కుదరకపోతే, సిగ్గుతో ఆమే రాజీకి వస్తుంది.

చట్టం కొంత మారింది. మానభంగం కేసులో ఫిర్యాది శీలాన్ని ఎత్తిచూపే వీలు కల్పించిన 1872 నాటి నిబంధనను 2003లో తీసేశారు. లైంగిక నేరాల్లో సమ్మతి ప్రశ్న వచ్చినప్పుడు ఆమె పూర్వానుభవం అప్రస్తుతమని 2013లో చేర్చారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది ఉంది. అయితే ఆ రక్షణ లైంగిక నేరాల వరకే. భార్యను హింసించిన కేసుకు అలాంటి ప్రత్యేక కవచం లేదు. అసభ్యమైన ప్రశ్నను ఆపే అధికారం జడ్జికి ఉంది. ఆపడం ఆయన ఇష్టం.

ముద్దాయికి ప్రశ్నించే హక్కు ఉండాలి, కాదనను. ఆ రోజు ఎక్కడున్నావు, గాయం ఎలా తగిలింది, ఇదివరకు ఇతనిమీద ఏమని ఫిర్యాదు చేశావు అని ఎంత గుచ్చి అడిగినా న్యాయమే. ఎవరు కొట్టారో తేల్చే ప్రశ్న వేరు, ఎలాంటిదాన్ని కొట్టారో తేల్చే ప్రశ్న వేరు.

తెండూల్కర్‌తోనూ నాకొక పేచీ ఉంది. చివర బేణారేకు పది సెకన్లు ఇస్తారు. మిగతా పాత్రలు బొమ్మల్లా నిలిచిపోగా ఆమె తన గతమంతా, చిన్నతనంలో మేనమామ చేసిన ద్రోహంతో సహా, చెప్పుకుంటుంది. కోర్టు వినదు, వినేది మనమే. సానుభూతితోనే విన్నా, ఆ వివరాల కోసం అంతసేపూ ఎదురుచూసింది మనమే కదా! ఆమె చెప్పకపోతే జాలిపడేవాళ్లమా? గతం విప్పితేనే దయ చూపే ప్రేక్షకుడు కాశీకర్‌కు మరీ దూరంలో లేడు. రచయిత దీన్ని ఎరిగి చేశాడో ఎరగక చేశాడో చెప్పలేను. నన్ను మాత్రం పట్టుకుంది.

మన వాడల్లో ఎవరింట్లోనైనా ఆడపిల్ల దెబ్బలు తిని పుట్టింటికి వస్తే, ముందుగా మనం అడిగేదేమిటి? "అసలేం జరిగింది?" అనా, "నువ్వేం చేశావు?" అనా? వకీలు ఆ ప్రశ్నను మన దగ్గరే నేర్చుకున్నాడు.